చిట్టా వేరు, తీర్పు వేరు

రోగి ఆస్పత్రి విడిచి ఇల్లు చేరిన దినమున గండము గడచినదని బంధుమిత్రులు సంతసింతురు. కాని మధుమేహము గలవాని విషయమున అసలు పరీక్ష ఆ దినముననే ఆరంభమగును. ఆస్పత్రిలో పథ్యము, మందు, వేళ, లెక్క అన్నియు ఇతరుల చేతిలో నుండును. ఇంట అవియన్నియు రోగి చేతికిని, ఆతనివారి చేతికిని వచ్చును. వానితోపాటు ఒక చిన్న మీటరును, ఒక నోటుపుస్తకమును వచ్చును. వ్రేలిని సూదితో పొడిచి, రక్తబిందువును ఆ మీటరు స్ట్రిప్పునకు తాకించి, కనబడిన అంకెను పుస్తకములో వ్రాయవలెను. పని స్వల్పమే. కాని ఆ అంకె చుట్టును ఒక ధర్మసందేహము అల్లుకొని యున్నది. ఆ అంకె ఎవరిది? దానిని చూచు హక్కు ఎవరికి గలదు? చూచినవారు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు? ఈ విషయమునుగూర్చి మనవారితో కొంత ముచ్చటింపదలచితిమి.

మేము వైద్యులము గాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియేండ్లకు పైగా లెక్కల పుస్తకములముందు కూర్చుండి కాలము గడపినవారము. మందుల మోతాదులను నిర్ణయించుట వైద్యుల పని. దానిజోలికి మేము పోము. అంకెలకును మనుష్యులకును గల సంబంధము మాత్రము మాకు కొంత తెలియును. ఆ తెలిసినంతవరకే ఇచట విన్నవించుచున్నాము.

ఈ వ్యాధి మన దేశమునకు క్రొత్తది గాదు. రోగి మూత్రమునకు చీమలు చేరునని చరకసంహితయే గుర్తించినది. పరీక్షనాళికలో నీలిరంగు బెనెడిక్టు ద్రవమును పోసి, మూత్రము చేర్చి కాచి, అది ఆకుపచ్చగా మారినదో, పసుపుగా మారినదో, ఇటుకరంగునకు తిరిగినదో చూచిన దినములు మనలో పెద్దవారికి జ్ఞప్తి యుండవచ్చును. ఆ రంగునుబట్టి హెచ్చుతగ్గులను ఊహించుటయే గాని, ఆ క్షణమున రక్తములో చక్కెర ఎంత యున్నదో తెలియదు. 1921–22 సంవత్సరములలో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు మొదలైనవారు ఇన్సులినును సాధించి ఎందరికో ప్రాణదానము చేసిరి. ప్రాణము నిలిచినది, కాని ఎంత మందు ఎప్పుడు వలయునో తెలుపు లెక్క మరి అర్ధశతాబ్దమువరకు రోగి చేతికి రాలేదు.

1970 ప్రాంతమున అమెరికాలో రక్తమందలి చక్కెరను కొలుచు మీటరు అమ్మకమునకు వచ్చినది. దానిని వైద్యులకును ఆస్పత్రులకును మాత్రమే అమ్మెడివారు. పండ్రెండవయేటనుండి ఈ వ్యాధితో బాధపడుచున్న రిచర్డు బెర్న్‌స్టీన్ అను ఇంజనీరు, వైద్యురాలైన తన భార్య పేరిట ఒక మీటరును తెప్పించుకొనెను. దినమునకు పలుమారులు తన రక్తమును తానే పరీక్షించుకొని, ఆ అంకెలనుబట్టి ఆహారమును ఇన్సులినును దిద్దుకొని, ఆరోగ్యమును చక్కబరచుకొనెను. వైద్యలోకము ఆయన మాటను వెంటనే చెవినిడలేదు. అందుచేత ఆయన నడివయసున వైద్యకళాశాలలో చేరి తానే వైద్యుడయ్యెను. దీనినుండి మేము గ్రహించినది ఒకటి కలదు. అంకె పుట్టునది రోగి రక్తములో. దానిని ఆస్పత్రి గడప దాటించి ఇంటికి తెచ్చుటలో రోగి పట్టుదలకును పాలు గలదు. కావున ఆ అంకె మొట్టమొదట రోగిది. కుమారునికి గాని, కోడలికి గాని, వైద్యునికి గాని అది ఆతని సమ్మతితో చేరవలసినదే.

ఇక, ఇంటికి వచ్చిన పిదప ఈ లెక్క ఎందులకు ముఖ్యమో చూతము. ఆస్పత్రిలో దేహము ఆపత్కాలములో నుండును. పుండు, జ్వరము, శస్త్రచికిత్స, స్టెరాయిడు మందులు ఇవియన్నియు చక్కెరను పెంచును. దానికి తగినట్లు ఇన్సులిన్ మోతాదును పెంచుదురు. ఇల్లు చేరిన కొలది దినములలో జ్వరము తగ్గును, పుండు మానుమొగము పట్టును, స్టెరాయిడు ఆగును. అప్పుడు నిన్న సరిపోయిన మోతాదే నేడు అధికము కావచ్చును. మరియొకరికి ఆకలి మరల పుట్టి, ఇంటి వంట రుచించి, అదే మోతాదు చాలకపోవచ్చును. అందువలననే ఏయే వేళల పరీక్షింపవలెనో వైద్యులు చీటీపై వ్రాసి యిత్తురు. ఆ అంకెలను చూచి మందును మార్తురు. డిశ్చార్జి కాగితముపై నున్న మోతాదు శిలాశాసనము గాదు. అది దిద్దుబాటునకు ఎదురుచూచుచున్న చిత్తుప్రతి.

చక్కెర హెచ్చుటకు భయపడినంతగా తగ్గుటకు మనవారు భయపడరు. ఇది పొరపాటు. హెచ్చినది నెలలమీద, ఏండ్లమీద హాని చేయును. తగ్గినది నిమిషములలో మనిషిని పడవేయును. డెసిలీటరు రక్తమునకు 70 మిల్లీగ్రాములకంటె దిగినచో జాగ్రత్త పడవలెను. 54కంటె దిగినచో అపాయము. చెమట పట్టుట, చేతులు వణకుట, విపరీతమైన ఆకలి, మాట తడబడుట దాని గుర్తులు. తెలివి గలిగి మ్రింగగల స్థితిలో నున్నచో సుమారు 15 గ్రాముల గ్లూకోజునో, మూడు చెంచాల చక్కెరనో నీళ్లలో కలిపి యిచ్చి, 15 నిమిషముల పిదప మరల పరీక్షింపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. తక్షణమే ఆస్పత్రికి తరలింపవలెను. మన యిండ్లలో ఈ అపాయము ఎక్కువగా పొంచియుండునది తల్లులకే. ఉదయము ఎనిమిదింటికి మాత్ర మ్రింగి, అందరికిని వడ్డించి, తాము పదకొండింటికి ఎంగిలిపడు తల్లులు ఎందరు లేరు? డాక్టరును అడుగకయే ఏకాదశినాడు ఉపవాసముండి, మందు మాత్రము యథావిధిగా పుచ్చుకొనువారు ఎందరు లేరు? వారి విషయమున ఆ అంకె ప్రాణరక్షణ సాధనము.

ఇంత ఉపకారియైన అంకె మరి ఇంట కలహకారణ మేల కావలెను? మా యెరుకలోని ఒక పెద్దమనిషి సంగతి చెప్పెదము. కాలి పుండుతో కొన్ని వారములు ఆస్పత్రిలో నుండి ఆయన ఇల్లు చేరెను. భార్య, కుమారుడు, కోడలు అందరును ఆయనపై ప్రాణము పెట్టుకొన్నవారే. దినమునకు నాలుగుమారులు పరీక్ష జరుగవలెను. అంకె హెచ్చిన ప్రతిసారియు ఇంట విచారణ ఆరంభమగును. “రాత్రి ఏమి తిన్నారు?” అని భార్య అడుగును. “నాన్నా, మరల అరటిపండు తిన్నారా?” అని కుమారు డడుగును. కోడలు ఏమియు అనదు. బెల్లపు డబ్బాను పై అరకు మార్చును. అసలే సూదిపోటు, దానిపై ఈ మాటల పోటు. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లయ్యెను.

మూడు వారముల పిదప మేము చూడబోయినప్పుడు ఆయన తన పుస్తకమును మాకు చూపెను. 138, 134, 136, 139, 135 అని వరుసగా నున్నవి. ఇంటివారు సంతోషముగా నుండిరి. మా కన్ను మాత్రము ఆ వరుసపై నిలిచిపోయెను. ముప్పదియేండ్లు లెక్కలు చూచినవారికి ఒక సంగతి తెలియును: నిజమైన లెక్క ఇంత నున్నగా రాదు. మొక్కజొన్న కంకిపై గింజలవలె కుదురుగా వచ్చిన అంకెలను చూచినచో తనిఖీదారునికి నిద్రపట్టదు. వైద్యుని వద్దకు పోయిన దినమున ఆయన మీటరు జ్ఞాపకమును తెరచి చూచెను. సగము దినములు పరీక్షయే జరుగలేదు. జరిగిన నాటి అంకెలు 210 మొదలు 290 వరకు నున్నవి. వైద్యుడు కోపపడలేదు. “ఈ అంకెలు ఎవరికొరకు వ్రాసినారు?” అని మాత్రము అడిగెను. “ఇంటిలో శాంతికొరకు” అని ఆ పెద్దమనిషి బదులు చెప్పెను.

ఆ యొక్క మాటలో సమస్తమును గలదు. ఆస్పత్రిలో నర్సు 280 అని చూచినను 120 అని చూచినను ఒకే ముఖముతో వ్రాసికొని పోయెడిది. ఇంటికి వచ్చిన పిదప ఆ అంకెయే నడవడికి మార్కుగా మారెను. మార్కులు వేసెడి చోట దొంగచూపులు పుట్టుట సహజము. అబద్ధమాడినది ఆ పెద్దమనిషియే. కాని నిజము పలుకుటకు ఇంట ఎంత మూల్యము పెట్టినారో చూడవలదా? నిజము మిక్కిలి ఖరీదైన చోట అబద్ధమునకే గిరాకి.

మా వృత్తిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకము లుండును. నాటి జమాఖర్చు నాడే వ్రాసికొనునది చిట్టా. పద్దులవారీగా చేర్చి చూచునది ఆవర్జా. మీటరు చూపు అంకె చిట్టాలోని ఒక పద్దు. మూడు నెలలకొకమారు చేయించు హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష ఆవర్జావంటిది, రెండు మూడు నెలల సగటును అది తెలుపును. ఈ రెంటిలో ఏదియు తీర్పు గాదు. చిత్రగుప్తుడు లెక్క వ్రాయును. తీర్పు చెప్పువాడు యమధర్మరాజు. గుమాస్తాకును న్యాయాధిపతికిని గల భేదమును మన పురాణములు సైతము పాటించినవి. మనము మాత్రము మూడంగుళముల యంత్రమును న్యాయపీఠముపై కూర్చుండబెట్టుచున్నాము.

ఆ యంత్రమునకు అంతటి యోగ్యత యున్నదా యనిన, అదియు లేదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణముప్రకారము 100కు పైబడిన విలువలలో నూటికి 15 వంతులవరకు తేడా సమ్మతమే. అనగా అసలు 200 ఉన్నపుడు మీటరు 170 చూపినను 230 చూపినను అది లోపము గల యంత్రము గాదు. మామిడిపండు కోసిన చేతిని కడుగక వ్రేలు పొడిచినచో అంకె పెరుగును. స్ట్రిప్పుల డబ్బా మూత తీసియుంచినను, గడువు మీరినను లెక్క తప్పును. ఇట్టి అంకె నొకదానిని పట్టుకొని మనిషి శీలమును తూచుట న్యాయమా?

తక్కువ అంకె యెల్లప్పుడును పుణ్యము, ఎక్కువ అంకె యెల్లప్పుడును పాపము అను భావమును శాస్త్రము సైతము ఒప్పదు. అమెరికా, కెనడా దేశములలో 1,441 మంది రోగులతో జరిగి 1993లో ముగిసిన పెద్ద పరిశోధనలో, చక్కెరను దగ్గరగా అదుపు చేసినవారికి కంటి, మూత్రపిండముల, నరముల జబ్బులు చాల తగ్గినట్లు తేలినది. అదే పరిశోధనలో వారికి చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట మూడింతలు హెచ్చినదనియు తేలినది. పదివేలమందికి పైగా పాల్గొన్న మరియొక పరిశోధనలో, మిక్కిలి కఠినముగా చక్కెరను దింపిన వర్గమున మరణములు హెచ్చుటచే 2008లో ఆ పద్ధతిని ఆపివేసిరి. కావున వయసు మీరినవారికి, గుండెజబ్బు గలవారికి వైద్యులు కొంత సడలించిన హద్దులు పెట్టుదురు. ప్రక్కింటివారి అంకెతో మన తండ్రి అంకెను పోల్చి నిందించుట అవివేకము.

“ఇట్లు మెత్తగా నుండినచో రోగి అదుపు తప్పడా? కాలు పోయిన పిదప ఎవరు బాధ్యులు?” అని కొందరడుగవచ్చును. ఈ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు. ఇంటివారి కోపము వెనుక నున్నది భయము. భయము వెనుక నున్నది ప్రేమ. చూపు మందగించినవారిని, మూత్రపిండములు చెడినవారిని చూచిన కుటుంబములకు ఆ భయము అకారణము గాదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వేప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము గలదు. ఇది ప్రతి వీధికి, ప్రతి బంధువర్గమునకు సంబంధించిన సంగతి. కాని కఠినత్వమునకు తగిన చోటు వేరు. పరీక్షవేళ తప్పకుండుటలో, భోజనము వేళకు పెట్టుటలో, పుండును దినదినము చూచుటలో కఠినముగా నుండవలెను. అంకె చదువుటలో మాత్రము నిర్వికారముగా నుండవలెను.

పై పెద్దమనిషి ఇంట అటు తరువాత జరిగినది ఇదియే. అంకెను చూచినవారు ఆ పూట ఏమియు అనరాదని నియమము పెట్టుకొనిరి. అంకె ప్రక్కన తిన్నది, తిన్న వేళ, నిద్ర, నడక వ్రాసిరి. ఆదివారమునాడు అందరును కలిసి వారము లెక్కను చూచిరి. ఉదయపు అంకెలే ఎక్కువగా నున్నవి. కారణము వెదకగా రాత్రి భోజనము పదింటికి జరుగుచున్నట్లు తేలెను. కుమారుడు పనినుండి వచ్చువరకు తండ్రి ఆకలితో కాచుకొనియుండెను. తండ్రి నిందపడిన అంకెలో కుమారుని ఆలస్యమును గలదు, తండ్రి వాత్సల్యమును గలదు. భోజనము ఎనిమిదింటికి మారెను. వైద్యుడు నిజమైన అంకెలను చూచి మందు దిద్దెను. కొలది వారములలో మార్పు కనబడెను. రక్తము ఒకరిదే యైనను, ఆ అంకెలో ఇంటిల్లిపాదియు గలరు. వడలు, బూరెలు అందరును తినుచు ఒకరిని మాత్రము చూచుచు కూర్చుండుమను ఇంట ఆ ఒకరి అంకెను మాత్రమే విచారించుట ధర్మము గాదు.

రోగికిని ధర్మము కలదు. అంకె తనదే, అయినను దానిని మార్చివ్రాయు హక్కు తనకు లేదు. దొంగలెక్కను నమ్మి వైద్యుడు మందు తప్పించినచో ఆ హాని తనకే. తన్ను మోయవలసినవారికి కూడ హానియే. పరీక్ష చేయని దినమున “చేయలేదు” అని వ్రాయవచ్చును. గడిని ఖాళీగా విడువవచ్చును. ఖాళీ గడి అబద్ధము గాదు. కల్పించి నింపిన గడియే అబద్ధము. వైద్యునివద్ద, వకీలువద్ద దాపరికము కూడదన్న పెద్దల మాటకు ఇంతకంటె తగిన సందర్భము లేదు.

నేడు మరియొక సందేహము వచ్చినది. చేతికి అతికించుకొన్న చిన్న సెన్సారు రెండు వారములపాటు రాత్రింబవళ్లు చక్కెరను కొలుచుచు అంకెలను సెల్‌ఫోనునకు పంపును. 1999లో అమెరికాలో ఇట్టి యంత్రమునకు మొదటి అనుమతి లభించినది. అటుపిమ్మట అవి చిన్నవై, సులభములైనవి. తల్లి చెన్నపట్టణమున ఉప్మా తినినచో అమెరికాలోని కుమారుడు తన ఫోనులో ఆ అంకె లేచుట చూడగలడు. ఒంటరిగా నున్నవారికి, చక్కెర పడిపోవుచున్నను గుర్తు తెలియనివారికి ఈ సాధనము వరమే. కాని మన భాషలోనే ఒక హెచ్చరిక గలదు. “కనిపెట్టుకొని యుండుట” అనగా ఆదరముతో కాచుకొనుట. “కనిపెట్టుట” అనగా గుట్టు పట్టుట. మాట ఒక్కటే, మనసు వేరు. దూరమున నున్న బిడ్డ మొదట అనుమతి నడుగవలెను. “అమ్మా, నీ లెక్క నేను చూడవచ్చునా? ఏ వేళ చూడవచ్చును?” అని అడిగినచో ఆమె తల్లిగా నిలుచును. అడుగకయే చూచినచో ఆమె ఖైదీ యగును. ఫోను చేసినపుడు అంకె మాటకంటె ముందు “భోజనమైనదా, నిద్ర పట్టినదా” అని అడుగుట మన మర్యాద; ఆ మర్యాదను యంత్రమునకు బలి యీయరాదు.

తరతరములుగా తమిళనాట స్థిరపడిన మనవంటివారికి మరియొక బాధ్యత గలదు. డిశ్చార్జి కాగితము ఇంగ్లీషులో నుండును. డాక్టరు తమిళములో చెప్పును. అవ్వకు ఇంటి తెలుగే వచ్చును. మనుమనికి తెలుగు మాట వచ్చును గాని లిపి రాదు. అవ్వకు లిపి వచ్చును గాని ఇంగ్లీషు రాదు. ఇరువురును ప్రక్కప్రక్కన కూర్చుండి, మనుమడు చదివి చెప్పగా అవ్వ తన వ్రాతలో “టిఫినుకు ముందు ఇన్ని యూనిట్లు, రాత్రి ఇన్ని” అని వ్రాసికొన్నచో ఆ చీటీ వారిద్దరిది యగును. తన భాషలో నున్న లెక్కను మనిషి తనదిగా భావించును. 2021 ఆగస్టులో మన తెలుగువారు విరివిగా నున్న కృష్ణగిరి జిల్లాలోనే “మక్కళై తేడి మరుత్తువం” అను పథకము, అనగా ప్రజలను వెదకికొని వచ్చు వైద్యము, ప్రారంభమై, రక్తపోటు, మధుమేహము గలవారి ఇండ్లకే మందులను చేర్చినది. ప్రభుత్వము గుమ్మమువరకు తేగలదు. గుమ్మము లోపల ఆ అవ్వ మాటను ఆమె భాషలో ఓపికగా వినవలసినవారము మనమే.

తుదకు మేము విన్నవించున దింతే. అంకె హెచ్చినపుడు నింద తగదు. తగ్గినపుడు పొగడ్తయు అంతగా తగదు. నేడు పొగిడినవారు రేపు తెగడుదురని రోగికి తెలియును; పొగడ్త కొరకును మనిషి లెక్క మార్చును. అంకెను చూచి “సరే, వ్రాసితిమి, ఇప్పుడేమి చేయుదము?” అను ఒక్క ప్రశ్న చాలును. మన పెద్దలు తమ రక్తపు లెక్కను వెరపులేక మనయెదుట చెప్పగలిగినచో, ఆ యింట వైద్యము సగము నెరవేరినట్లే.